అటో ఇటో సారు

ఫ్లెక్సీ మీద పుట్టిన తారీఖు చూసెటాళ్ళకు ఏడుస్తున్నదాన్ని కాస్త నవ్విన. జులై ఒకటి అని పెద్దక్షరాలతోని అచ్చుగొట్టించిన్రు. రఘునాథపల్లి దాటి లోపటికి పోతే సారు వాళ్ళ ఊరు. ఇంటి ముంగట టెంటు, ఒక పక్కకు డప్పులు, ఐసు డబ్బా మీద దండలు, దాని పైన కట్టిన ఫ్లెక్సీల సారు. ఎన్నడు లేంది జుట్టు దువ్వుకోని ఉన్నడు. పక్కన కూసున్న ఆడామె నా దిక్కు గుడ్లురిమింది. చావింట్ల నవ్వుడేందని ఆమె కోపం. నేనెందుకు నవ్విన్నో ఆమెకెట్ల చెప్పాలె?

బతికున్నప్పుడు ఎవలన్న ఆ తారీఖు ఎత్తితే సారు ఊకునేటోడా! "బడిల చేర్చుకున్న పంతులు పిల్లలందరికి జులై ఒకటే రాసిండు. మా తరగతి తరగతంత ఒక్కరోజే పుట్టింది" అనేటోడు. మరి నిజంగ ఎప్పుడు పుట్టిన్రు సారూ అంటే, వాళ్ళవ్వ చెప్పిన ముచ్చట చెప్పేటోడు. ఆయన పుట్టిన ఏడు కాలం కాలేదట. బాయి అడుగంటిందట, బర్రె ఒట్టిపోయిందట, పిల్లగాడు బతుకుడు కష్టమే అనుకున్నరట. గంతే. అది ఏ ఏడో అవ్వకు తెల్వదు. మా దిక్కు కాలం కాని ఏండ్లు ఒకటా రెండా, ఎట్ల పట్టుకోవాలె? అందుకే వయసడిగితే "అరవై. రెండు అటో ఇటో" అని జవాబిచ్చేటోడు.

ఒక్క వయసుకే కాదు, దేనికైనా గదే మాట. బస్సెప్పుడు సారూ అంటే "తొమ్మిదింటికి, ఇరవై నిమిషాలు అటో ఇటో." కూరల ఉప్పు సరిపోయిందా అని వాళ్ళింట్ల అమ్మ అడిగితే "సరిపోయింది, చిటికెడు అటో ఇటో." ఒకసారి ఆమె నా కండ్ల ముంగటనే గంటె ఎత్తింది. "ఈయనతోని ఇన్నేండ్లు ఎట్ల కాపురం చేసిన్నో నాకే తెల్వదు బిడ్డా. పట్టుచీర కట్టుకోని మంచిగున్ననా అని అడిగితే గూడ అటో ఇటో అన్నడు" అని మొత్తుకున్నది. సారు తలకాయ వంచుకోని నవ్వుకుంట తిన్నడు. మేం పనోళ్ళమంత ఆయనకు అటో ఇటో సారు అని పేరు పెట్టినం. ఆయనకు ఎరుకే. ఏం అనేటోడు కాదు.

సారుది పాత జాగలు తవ్వి చూసే ఆఫీసుల నౌకరి. పెద్ద నౌకరి ఏం కాదు. నాది గూడూరు దిక్కు తండా. ఎమ్మే చదివి ఖాళీగ ఉన్న రోజులల్ల, లంబాడి భాష వచ్చిన పిల్ల కావాలంటే ఆయన దగ్గర పనికి కుదిరిన. ఇప్పుడు మానుకోటల కాలేజీ పిల్లలకు చరిత్ర చెప్తున్న. పుస్తకాలల్ల ఫలానా కాలం అని రాసి ఉన్న కాడల్లా నా నోరు దానంతట అదే ఆగుతది, పక్కన అటో ఇటో లేదేందని. పిల్లలు నవ్వుతరు. ఈ రోగం ఎక్కడికెళ్ళి అంటిందో వాళ్ళకు తెల్వదు.

కట్టె కనవడితే సారు చెయ్యి ఆగేది కాదు. జనగామ బస్టాండు కాడ చాయ్ హోటల్ బల్ల కావచ్చు, సర్పంచ్ ఇంట్ల కుర్చీ కావచ్చు, కోసిన కొస మీద బొటనవేలు గోరు పెట్టి నిమ్మళంగ గీసుకుంట పోయేటోడు. చెట్టు ఏడాదికొక వలయం వేసుకుంటది గదా, అవి లెక్కవెట్టుడన్నట్టు. చాయ్ చల్లారేది. హోటలాయన "సారూ, బల్ల మంచిదే, కొత్తగ చేపిచ్చిన" అని సంజాయిషీ ఇచ్చుకునేటోడు. మా ఇంటి గృహప్రవేశానికి వచ్చినప్పుడు అందరు టైల్సు చూస్తుంటే సారు పసుపు రాసిన దర్వాజ కాడ మోకాళ్ళ మీద కూసున్నడు. మా యాడి, అంటే మా అమ్మ, "ఏం భక్తే మీ సారుకు, గడపకు మొక్కుతున్నడు" అని మురిసిపోయింది. సారు లేచి నా చెవుల చెప్పిండు. "టేకు మంచిదే బిడ్డా. గాని వడ్లాయన బయటి తెల్లకట్టె చెక్కేసిండు. చెదలు పడతదని మనోళ్ళు అందరు చెక్కేస్తరు. ఆఖరు ఏండ్లన్ని గా తెల్లకట్టెలనే ఉంటయ్. ఈ చెట్టు ఎప్పుడు కొట్టిన్రో ఇగ ఎవ్వలు చెప్పలేరు." నా గృహప్రవేశం నాడు ఆయనకు పుట్టిన దుఃఖం అది. నాకు కోపం రావాలె గాని రాలే.

ఒకసారి భూపాలపల్లి కట్టెల డిపో ముంగట జీపు ఆపిచ్చిండు. లోపట టేకు మొద్దులు పేర్చి ఉన్నయ్. ఒక్కొక్క మొద్దు కొస మీద వంగి, భూతద్దం పెట్టి, సన్నటి వలయాల కోసం చూసుకుంట పోతున్నడు. వానలు పడని ఏడు చెట్టు సరిగ పెరగదు, వలయం సన్నగ పడతది. ఒక కాడ గోరు ఆపి "బిడ్డా, గిది నేను కావచ్చు" అన్నడు. ఇంకో మొద్దు కాడికి పోయి "కాదు, గదేనేమో" అన్నడు. నాకు నవ్వొచ్చింది గాని నవ్వలే. ఒక మనిషి తను పుట్టిన ఏడు కోసం మొద్దులల్ల దేవులాడుడు నేను గదే చూసుడు. "నమ్మొద్దు బిడ్డా వీటిని గూడ" అని తనే అన్నడు మళ్ళ. నడుమ వాన ఆగి, మళ్ళ వస్తే చెట్టు ఒకే ఏడు రెండు వలయాలు వేస్తదట. మరీ కరువైతే అసలే వేయదట. "చెట్టుకు గూడ మా అవ్వ లెక్కనే మతిమరుపు" అని జీపెక్కిండు.

ఇగ గడ్డ ముచ్చట చెప్పాలె. చెప్పకుంట తప్పించుకుందామనుకున్న గాని సారంటే గా గడ్డనే.

భూపాలపల్లి దిక్కు అడవి అంచుకు ఒక తండా ఉన్నది. తండా ఎనుక చిన్న గుట్టంత గడ్డ. దాని నిండ గాజు లెక్క మెరిసే నల్లరాళ్ళు, ఇనుప చిట్టెం. ఎప్పటి మనుషులో అక్కడ బట్టీలు పెట్టి, ఎర్రరాయి కరిగించి ఇనుము తీసి, మిగిలిన చెత్త పారబోసుకుంట పోతే లేచిన గడ్డ అది. దాని మీద తండోళ్ళు సీత్లా తల్లి రాళ్ళు నిలబెట్టుకున్నరు. వానకాలం మొదట్ల గొడ్లను ఆ రాళ్ళ ముంగటికెళ్ళి తోలుతరు, రోగాలు రావద్దని. ఆ దిక్కు కొత్త రోడ్డు పడుతుండె, రోడ్డు కింద పరిచేటందుకు మొరం కావాలె, కాంట్రాక్టరు కన్ను గడ్డ మీద పడ్డది. సారు పరేషాన్ అయిండు. పైనున్న పెద్దసారు కాళ్ళు గడ్డాలు పట్టుకుంటే ఆయన ఒక మాటన్నడు. తవ్వి చూడుండ్రి, గడ్డ పాతదని తేలితే కాపాడుదాం, లేకపోతే మొరం మొరమే.

తవ్వినం. పందులు కుమ్మి, చెట్ల ఏర్లు దిగి, మట్టంత కలగాపులగం. కదలకుంట ఉన్నది ఒక్క బట్టీ అడుగే. దాని కింద, గట్టిపడ్డ చిట్టెం కింద, పిడికెడు బొగ్గు దొరికింది. సారు ఊపిరి బిగవట్టుకోని చెయ్యి తగలకుంట పట్టకారుతోని తీసిండు. చెట్టు బతికున్నన్ని రోజులు గాలిలకెళ్ళి తీసుకునే కార్బన్ల రేడియోకార్బన్ అని కొంచెం ఉంటది, కట్టె సచ్చిన కాడికెళ్ళి అది కరుగుకుంట పోతది, ఎంత మిగిలిందో చూసి ల్యాబోళ్ళు వయసు కడతరు. ఇది నేను బుక్కుల చదువుకున్న. చదువుకోనిది సారు చెప్పిండు. "చెట్టు నడుమ కట్టె ముందే సస్తది బిడ్డా, పైన బెరడు పచ్చగ ఉండంగనే. ముసలి చెట్టు నడిమి బొగ్గు పంపితే అది మంట వయసు చెప్పదు, తన వయసు చెప్తది." అందుకే సన్నపుల్ల కోసం దేవులాడిండు. పుల్లగాని గింజగాని ఒక్క ఏడుదే గదా, దాన్ని నమ్మొచ్చు. జల్లెడ పట్టుకోని ఎండల ఆ మట్టంత జల్లించిండు. మేం ఆడోళ్ళం అలిసిపోయి చెట్టు కింద కూసుంటే ఆయనొక్కడే పడుతుండె. "పుల్ల దొరికితే చాలు బిడ్డా. పుల్లకు అబద్ధం చెప్పే అంత వయసుండది." పుల్ల దొరకలే.

అప్పుడొచ్చింది తండా ముసలామె, మేకలను తోలుకోని. నేను ఆమెను దాదీ అని పిలిచేదాన్ని, మా భాషల నాయినమ్మ అన్నట్టు. సారు ఎప్పుడు ఖాకీ ప్యాంటే ఏసేటోడు, మట్టి అంటినా కనవడదని. ఆమె ఆ ప్యాంటును కిందికెళ్ళి మీదిదాంక చూసింది. సారు నాతోని అన్నడు, "ఈ దిక్కు పాతకాలంల బొగ్గు ఎట్ల కాల్చేటోళ్ళో అడుగు బిడ్డా." అడిగిన. దాదీ మేకలను ఒదిలిపెట్టి రెండు చేతులు జోడించింది. "పచ్చి చెట్టు మీద మేం గొడ్డలి పెట్టలే. మా తాతలు గూడ పెట్టలే. అడవిల ఎన్నటియో సచ్చిన టేకు మోళ్ళు ఉంటయ్, చెదలు గూడ ముట్టవు వాటిని, అవి తవ్వుకోని కాల్చేటోళ్ళు. మా తాతల తాతలకన్నా పాత మోళ్ళు" అన్నది. నేను మాట పొల్లువోకుంట తెలుగుల చెప్పిన. సారు తీసిపెట్టిన బొగ్గు దిక్కు చూసిండు. చేతుల జల్లెడ అట్లనే ఉన్నది.

దాదీ పోయినంక నేను మొత్తుకున్న. "సారూ, ఆమె మిమ్ముల ఫారెస్టోడనుకున్నది. ఫారెస్టోళ్ళ ముంగట మా తండలల్ల అందరు గిదే పాట పాడుతరు. మా నాయిన పాడిండు, మా తాత పాడిండు. కేసు రాస్తరని భయం."

"అబద్ధమని ఎట్ల తెలుసు?"

"నిజమని ఎట్ల తెలుసు? అయినా మా తాతలకు ఈ బట్టీలకు ఏం సంబంధం సారూ? మేం లంబాడోళ్ళం ఈ దిక్కుకు మొన్న వచ్చినోళ్ళం. ఇవి ఎవలయో."

"మనుషులు వేరే బిడ్డా. అడవి అదే, మోళ్ళు అవే" అని జల్లెడ దులుపుకున్నడు. మళ్ళ సందె దాంక మట్టి జల్లించిండు.

ల్యాబు కాయితం శానా రోజులకు వచ్చింది. ఏసు పుట్టకముందటి బొగ్గు అది! నేను ఎగిరి గంతేసిన. మానుకోటల జిలేబి కొనుక్కోని తండాకు పోయి పంచిన. దాదీ గూడ తిన్నది, ఎందుకో తెల్వకుంటనే. రోడ్డు పనోళ్ళు మొకాలు ఏలాడేసుకున్నరు. ఆఫీసుల పెద్దసారు అటో ఇటో సారు భుజం తట్టిండట. సారు జిలేబి చేతుల పట్టుకోని నిలబడ్డడు, నోట్లె పెట్టుకోలే. పాకం మోచేతిదాంక కారింది.

"కట్టె వయసు బిడ్డా అది. మంట వయసు కాదు."

రిపోర్టుల ఆయన ఆ ముక్క రాస్తున్నడని తెలిసి ఆఫీసుకు ఉరికిన. అప్పటికే రాసిండు. బొగ్గు ఎన్నటిదో సచ్చిన చెట్టుది కావచ్చు, బట్టీ దానికన్నా శానా ఏండ్ల తర్వాత మండి ఉండవచ్చు, ఈ ఒక్క నమూనాతోని గడ్డ వయసు గట్టిగ చెప్పరాదు, అని. నాకు ఒళ్ళు మండింది.

"మిమ్ముల ఎవలడిగిన్రు సారూ? ల్యాబోళ్ళే తారీఖు పక్కన ఎంత అటో ఎంత ఇటో రాసిన్రు గదా, సాలదా?"

"అది మిషిన్ అనుమానం. ఇది నా అనుమానం. మిషిన్‌ది రాసి నాది దాసుకుంటే ఎట్ల?"

"మీ అనుమానంతోని గడ్డ పోతది!"

"పోకపోవచ్చు గూడ" అన్నడు. అంత మెల్లగ అన్నడు గదా, తిట్టబోయినదాన్ని బయటికి నడిచిన.

పైనుంచి వచ్చినోళ్ళు రిపోర్టుల గా ఒక్క ముక్కనే చదివిన్రు. తవ్విన తీరు చూడలే, బట్టీ అడుగు ఫోటోలు చూడలే. "మీకే నమ్మకం లేకపోతే మేమెట్ల నమ్మాలె?" అన్నడు పెద్దసారు. సారు లేచి నిలబడ్డడు. "నమ్మకం లేదనలే సార్. ఎంత నమ్మొచ్చో చెప్పిన. చుట్టుపక్కల ఇంకొక్క బట్టీ తవ్వనిస్తే, పుల్ల దొరికితే..." గదిల ఎవడో కిసుక్కున నవ్విండు. పుల్ల అన్న మాటకే. ఇగ అయిపోయింది. రోజులు తిరగక ముందే జేసీబీలు వచ్చినయ్. తండా ఆడోళ్ళు సీత్లా రాళ్ళను గంపలల్ల ఎత్తుకోని పోయి చేను గట్టు మీద పెట్టుకున్నరు. నేను పోలే. పోతే ఎవలనన్న కొట్టేదాన్ని.

సారు పోయిండు. రోజు పోయిండు. రోడ్డు పొడుగూత మొరం కుప్పలు పోసి ఉంటే వాటి పక్కన కూసోని జల్లెడ పట్టేటోడు. నర్సింహులపేట కాడికెళ్ళి మోటరు సైకిల్ మీద వచ్చే మా బావ చూసిండట, "మీ సారుకు మతి తప్పిందా ఏంది" అని నాకు ఫోన్ చేసిండు. నేను ఉరికిన. నిజమే, సిమెంటు సంచి పరుచుకోని కూసున్నడు, చెవుల మీదికెళ్ళి చెమట కారుతున్నది, లారీలు దుమ్ము లేపుకుంట పోతున్నయ్.

"ఏం చేస్తున్నరు సారూ?"

"పుల్ల కోసం బిడ్డా."

"దొరికితే మాత్రం ఏం లాభం? ఎక్కడిదో, ఏ పొరదో ఎట్ల తెలుస్తది?"

"ఏం లాభం లేదు. దొరికినా దండుగే" అని మళ్ళ జల్లెడ ఊపిండు. నేను పక్కన కూసుండిపోయిన. ఏం చేయాల్నో తెల్వక నేను గూడ రాళ్ళు ఏరిన. ఆయనను లేపుకోని ఇంటికి తోలుకపోయేటాళ్ళకు నా ప్రాణాలు తోకకొచ్చినయ్. వాళ్ళింట్ల అమ్మ ఆ జల్లెడ పట్టుకపోయి అటక మీద పారేసింది.

తర్వాత సారు రిటైరైండు. ఆఖరుసారి చూసింది జనగామ బస్టాండు కాడ, అదే చాయ్ హోటల్ల. బక్కగైండు. నేను ఆయన చేతుల దిక్కే చూస్తున్న. బల్ల కొస ఆయన ముంగటనే ఉన్నది, గోరు పెట్టలే. చేతులు ఒళ్ళె పెట్టుకోని కూసున్నడు. బస్సెప్పుడు సారూ అన్న, ఆ మాటనన్న అంటడని. "ఏమో బిడ్డా" అన్నడు. చాయ్ తాగి గ్లాసు పెట్టినంక, ఎటో చూసుకుంట, "రాయకపోతే బాగుండు" అన్నడు.

ఇన్నేండ్లు ఆ మాట కోసమే గదా నేను కొట్లాడింది! ఒక్కసారన్న అంటే నా కడుపు సల్లబడతదనుకున్న. అన్నంక చూస్తే నాకే ఇనబుద్ధి కాలే. "గట్లనకుండ్రి సారూ, నిజమే రాసిన్రు గదా" అన్న.

"నిజమో కాదో గూడ తెల్వదు గద బిడ్డా. తెలిస్తే ఎట్లన్న నిద్రపట్టు" అన్నడు. రఘునాథపల్లి బస్సొచ్చింది, ఎక్కి పోయిండు.

సారు దినాలయినంక దాదీకి చెప్దామని తండాకు పోయిన. ఎందుకు పోవాలనిపించిందో తెల్వదు, ఆ దిక్కు సారును ఎరిగినోళ్ళు ఇంకెవలు లేరు. ఆ రోడ్డు మీదికెళ్ళే పోవాలె. వానలకు తారు లేచిపోయి గుంతలు పడ్డయ్, గుంతలల్ల నల్లటి చిట్టెం రాళ్ళు తేలినయ్. బస్సు వాటిని పరపర నలుపుకుంట పోతుంటే నేను కండ్లు మూసుకున్న.

దాదీ మంచంల ఉన్నది. చూపు పోయింది, చెవులు బాగనే ఉన్నయ్. పక్కన కూసోని మా భాషల చెప్పిన, ఖాకీ సారు సచ్చిపోయిండని.

"ఏ సారు? మన ఫారెస్టు సారా?"

"ఫారెస్టు కాదు దాదీ. గడ్డ తవ్విన సారు."

"గదే. ఫారెస్టాయన." చెప్తే ఇంటదా! "పాపం, మంచోడు. నా మీద కేసు రాయలే, మేకలను పట్టుకపోలే." పండ్లు లేని నోటితోని నవ్వింది. "ఎంత అమాయకుడే! పచ్చి చెట్టు ముట్టలేదంటే నమ్మిండు. మా నాయిన పచ్చి చెట్లు కొట్టే గదా బొగ్గు కాల్చింది, మమ్ముల సాదింది. సన్నటివి, చేతి మందం కొమ్మలు. అయితేనే బొగ్గు మంచిగైతది. మోళ్ళు ఎవలన్న తవ్వుతరా? ఇనుము లెక్క ఉంటయ్, గొడ్డలి ఇరుగుతది. నా జన్మల చూడలే."

నేను ఆమె చెయ్యి పట్టుకోని కూసున్న. ఇది ముందు తెలిస్తే సారు ఏం రాసేటోడు? ఇది గూడ నిజమని ఎట్ల తెలుసు బిడ్డా అనేటోడేమో. అడుగుదామంటే మనిషి లేడు. చూపిద్దామంటే గడ్డ లేదు.

"గడ్డ పోయింది మనకు" అన్నది దాదీ, కండ్లు పైకెత్తి. "సీత్లా తల్లికి చేను గట్టు మీద ఉండుడు మంచిగ లేదు. గొడ్లు సస్తున్నయ్. గంత మంచి సారు గదా, గడ్డ జోలికి పోవద్దని వాళ్ళకు గట్టిగ ఒక మాట చెప్తే ఆగకపోవునా?"

"చెప్పిండు దాదీ" అన్న. "గట్టిగనే చెప్పిండు. ఎవ్వలు ఇనలే."